నాలెడ్జ్ గ్రాఫ్ అంటే ఏమిటి? తెలుగు పుస్తకాల కేటలాగ్‌కు దానితో ఏం పని?

ప్రశ్న: కళాశాల గ్రంథపాలకురాలు

అందరికీ నమస్కారం. నేను ఒక కళాశాల గ్రంథాలయంలో పనిచేస్తున్నాను. మా కేటలాగ్ కోహా అనే గ్రంథాలయ సాఫ్ట్‌వేర్‌లో ఉంది, రికార్డులన్నీ మార్క్ 21 పద్ధతిలో (పుస్తక వివరాలను యంత్రం చదివేలా ఫీల్డ్‌లుగా రాసే పద్ధతి) ఉన్నాయి, పుస్తకాల్లో సగానికి పైగా తెలుగువే. ఈ కేటలాగ్‌ను నాలెడ్జ్ గ్రాఫ్‌గా మార్చడానికి ఒక ప్రతిపాదన తయారుచేయమని యాజమాన్యం అడిగింది. అంతకుముందు ఒక సాఫ్ట్‌వేర్ సంస్థ వారు వచ్చి తెరమీద వందల చుక్కలనూ వాటిని కలిపే గీతలనూ చూపించి వెళ్లారు. చూడటానికి బాగానే ఉంది గానీ, మా కేటలాగ్ చెప్పని ఏ సంగతిని ఆ బొమ్మ చెబుతోందో నాకు బోధపడలేదు.

నా సందేహాలు ఇవి. రచయిత, శీర్షిక, విషయం, ప్రచురణకర్త అన్నీ మార్క్ రికార్డులో ఇప్పటికే ఉన్నప్పుడు గ్రాఫ్ అదనంగా చేసేది ఏమిటి? ఆంటాలజీ, థెసారస్, నాలెడ్జ్ గ్రాఫ్ అనే మాటలను ఆ సంస్థ వారు ఒకదాని బదులు మరొకటి వాడుతున్నారు. వాటి మధ్య నిజంగా తేడా ఉందా? ప్రోగ్రామింగ్ రాని ముగ్గురు సిబ్బందితో మేము మొదలుపెట్టగలిగిన భాగం ఏదైనా ఉందా? గ్రంథాలయ శాస్త్రం చదివినవారికి అర్థమయ్యే భాషలో ఎవరైనా వివరిస్తే కృతజ్ఞురాలిని.

జవాబు: విశ్రాంత సూచీకర్త

మేడమ్ గారూ, ఆ చుక్కల బొమ్మను ముందు పక్కన పెట్టండి. గ్రాఫ్‌ను చూపించే పద్ధతుల్లో అదొకటి, అంతే. నిజమైన సమాచారంతో నింపితే తెర నల్లబడిపోయి ఎవరికీ ఏమీ కనబడదు. ఒక్కొక్క చుక్క దేనికి నిలబడుతోంది, ఒక్కొక్క గీతకు ఏ పేరు పెట్టారు అన్న రెండు ప్రశ్నల్లోనే విషయమంతా ఉంది.

మార్క్‌ను 1960లలో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో హెన్రియెట్ ఆవ్రమ్ నాయకత్వంలో రూపొందించారు. కేటలాగ్ కార్డు మీది వివరాలను యంత్రం చదవగలిగేలా చేయడం ఆనాటి అవసరం, ఆ అవసరాన్ని అది గొప్పగా తీర్చింది. అందుకే ఈనాటికీ మన రికార్డు ఒక కార్డులాగే ప్రవర్తిస్తుంది: అది చేతిలో ఉన్న పుస్తకాన్ని వర్ణిస్తుంది, రచయిత అందులో ఒక అక్షరాల వరుసగా మాత్రమే ఉంటాడు. నాలెడ్జ్ గ్రాఫ్‌లో రచయిత, కృతి, ముద్రణ, ఊరు, ప్రదర్శన, సినిమా ప్రతిదానికీ విడి ఉనికి ఉంటుంది, సొంత గుర్తింపు సంఖ్య ఉంటుంది. వాటిలో ఏ రెండింటినైనా కలిపే సంబంధానికి ముందే నిర్ణయించిన ఒక పేరు ఉంటుంది. కర్త, సంబంధం, కర్మ అనే ఈ మూడు ముక్కల వాక్యాన్ని ట్రిపుల్ అంటారు. గూగుల్ తన నాలెడ్జ్ గ్రాఫ్‌ను 2012 మే నెలలో ప్రకటించినప్పుడు, ఇకపై తమ వెతుకులాట పదాల కోసం కాక ఆ పదాలు సూచించే వస్తువుల కోసం జరుగుతుందని చెప్పుకుంది. అథారిటీ ఫైల్ (ప్రతి పేరుకూ ఒకే ఆమోదిత రూపాన్ని నిర్ణయించే జాబితా) నడిపిన ఏ సూచీకర్తకైనా ఇది పాత సంగతే.

ఉదాహరణకు కన్యాశుల్కాన్ని తీసుకోండి. గురజాడ అప్పారావు గారి ఈ నాటకాన్ని 1892లో విజయనగరంలో ప్రదర్శించారు, 1897లో అచ్చయింది, 1909లో ఆయన దాన్ని చాలావరకు తిరగరాసి రెండో కూర్పుగా ప్రచురించారు. 1955లో పి. పుల్లయ్య దర్శకత్వంలో సినిమాగా వచ్చింది, 2007లో వెల్చేరు నారాయణరావు గారి ఇంగ్లీషు అనువాదం వెలువడింది. ఇప్పుడు మీ కేటలాగ్‌లో ఈ శీర్షికతో వెతికితే బహుశా పాతిక రికార్డులు వస్తాయి, వాటన్నిటికీ శీర్షిక ఒకటే, రచయిత ఒకరే. మొదటి కూర్పు పాఠం ఏ పుస్తకంలో ఉందో తెలుసుకోవాలనుకున్న పరిశోధకురాలు ఒక్కొక్క ప్రతినీ తీసి ముందుమాట చదవవలసిందే, ఎందుకంటే కూర్పు ఫీల్డ్‌లో ఉన్న "నాలుగవ ముద్రణ" అన్న మాట ప్రచురణకర్త లెక్కను చెబుతుందే తప్ప లోపల ఏ పాఠం ఉందో చెప్పదు.

గ్రాఫ్‌లో కన్యాశుల్కం అనే కృతి ఒకటి, 1897 పాఠం ఒకటి, 1909 పాఠం ఒకటి, వాటిలో ఏదో ఒకదాన్ని అచ్చువేసిన ప్రతి ప్రచురణా ఒకటి, మీ అలమరలో ఉన్న ప్రతి మరొకటి. ఈ దొంతరను గ్రంథాలయ సంఘాల అంతర్జాతీయ సమాఖ్య ఇఫ్లా 1998లో ఎఫ్ఆర్‌బీఆర్ పేరుతో ప్రతిపాదించింది, 2017లో లైబ్రరీ రిఫరెన్స్ మోడల్‌గా సవరించింది. చదువుకునే రోజుల్లో పరీక్ష కోసం బట్టీ పట్టిన ఆ నమూనా అసలు ప్రయోజనం ఇక్కడ తెలుస్తుంది. సినిమా ఆ నాటకానికి మరో పాఠం కాదు, దాని ఆధారంగా పుట్టిన వేరే కృతి, కాబట్టి ఆ గీతకు వేరే పేరు పెట్టాలి. 1909 నాటిది అదే కృతికి రెండో పాఠమా, కొత్త కృతా అన్నది వాదించదగ్గ ప్రశ్న. నేనైతే ఒకే కృతి అంటాను, కాదనేవారూ ఉంటారు. ఏదో ఒకటి నిర్ణయించి, నిర్ణయాన్ని రాసిపెట్టక తప్పని పరిస్థితిని గ్రాఫ్ తెస్తుంది, ఆ నిర్ణయం తీసుకోవలసినది సాఫ్ట్‌వేర్ సంస్థ కాదు, మీరు.

రచయితల దగ్గరికి వస్తే మన భాషలో ఇది ఇంకా చిక్కుగా ఉంటుంది. శ్రీశ్రీ, శ్రీరంగం శ్రీనివాసరావు ఒకరే అని కలపడం తేలిక. తిరుపతి వేంకట కవుల సంగతి చూడండి. దివాకర్ల తిరుపతి శాస్త్రి (1872–1920), చెళ్లపిళ్ల వేంకట శాస్త్రి (1870–1950) ఇద్దరు వ్యక్తులు. జంట పేరు మూడో వస్తువు. తిరుపతి శాస్త్రి గారు పోయిన తర్వాత కూడా చెళ్లపిళ్ల వారు జంట పేరుతో రచనలు వెలువరించారు. 1920 తర్వాతి అటువంటి రచనకు 100 ఫీల్డ్‌లో (రచయిత పేరు రాసే చోటు) జంట పేరు పెడితే శీర్షిక పుటకు న్యాయం జరుగుతుంది, రాసిన మనిషి మరుగున పడతాడు. గ్రాఫ్‌లో ఆ రెండు మాటలనూ రెండు వేర్వేరు సంబంధాలుగా చెప్పవచ్చు: ఏ పేరుతో వెలువడింది, ఎవరు రాశారు. "చెళ్లపిళ్ల వారు ఒంటరిగా రాసి జంట పేరుతో ప్రచురించినవి" అన్న ప్రశ్నకు అప్పుడే జవాబు దొరుకుతుంది. కార్డులో ఆ ప్రశ్న అడగడానికే వీలు లేదు.

జవాబు: థెసారస్ పనివాడు

పైవారు మీ మొదటి ప్రశ్నకు జవాబు చెప్పారు కాబట్టి నేను రెండోదానికి పరిమితమవుతాను.

థెసారస్ పదాల మధ్య సంబంధాలను చెబుతుంది: విస్తృత పదం, సంకుచిత పదం, సంబంధిత పదం, వాడవలసిన పదం. దీన్ని యంత్రం చదివే రూపంలో రాయడానికి వెబ్ ప్రమాణాలను నిర్ణయించే సంస్థ డబ్ల్యూ3సీ 2009లో స్కాస్ అనే ప్రమాణాన్ని ఆమోదించింది. ఆంటాలజీ ఏయే రకాల వస్తువులు ఉన్నాయో, వాటి మధ్య ఏయే సంబంధాలు చెల్లుతాయో నిర్ణయిస్తుంది: అనువాదకుడు అనేవాడు వ్యక్తి అయి ఉండాలి, అనువాదానికి మూలకృతి ఒకటి ఉండాలి, జన్మస్థలం అన్న గీత ఊరి దగ్గర ఆగాలి, తేదీ దగ్గర కాదు. నాలెడ్జ్ గ్రాఫ్ అంటే ఆ నియమాలకు లోబడి నిజంగా నింపిన సమాచారం. ఆంటాలజీ వ్యాకరణమైతే గ్రాఫ్ ఆ వ్యాకరణంతో రాసిన గ్రంథం అనుకోవచ్చు; అమ్మకందారులు సాధారణంగా వ్యాకరణాన్ని చూపించి గ్రంథానికి ధర చెబుతారు.

ఇందులో మనవారికి కొత్తదనం తక్కువే. గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ 1933లో కోలన్ వర్గీకరణను ప్రచురించినప్పుడు, అన్ని విషయాలనూ ఒకే చెట్టులో కొమ్మలుగా ముందే గీసిపెట్టడానికి బదులు, విషయాన్ని ముఖాలుగా (ఫేసెట్లుగా) విడదీసి అవసరాన్ని బట్టి కూర్చుకొమ్మన్నారు; ఆ ముఖాలను వ్యక్తిత్వం, పదార్థం, శక్తి, స్థలం, కాలం అనే అయిదు మూల వర్గాల కిందికి తేవడం తర్వాతి కూర్పుల్లో జరిగింది. ఫేసెట్ విశ్లేషణ చేతికి వచ్చిన సూచీకర్తకు ఆంటాలజీ రాయడం నేర్పడం సులువని, కంప్యూటర్ శాస్త్రం మాత్రమే చదివినవారికి "ఒక రకం" అనే సంబంధానికీ "ఒక భాగం" అనే సంబంధానికీ తేడా నేర్పడం కష్టమని నా అభిప్రాయం. కోస్తా జిల్లా కోస్తాలో ఒక భాగం, నవల సాహిత్య ప్రక్రియల్లో ఒక రకం. ఈ రెంటినీ "కింద ఉన్నది" అన్న ఒకే గీతతో కలిపేసిన గ్రాఫ్‌లు చాలా కనబడతాయి. మన థెసారస్‌లలోనూ ఈ కలగాపులగం ఉంది, కానీ అక్కడ చదివేది మనిషి కాబట్టి సర్దుకుపోతాడు. యంత్రం సర్దుకుపోదు, ఆ గీత పట్టుకుని తప్పు నిర్ధారణకు వెళుతుంది.

ఎవరి గ్రాఫ్ మీద ఆధారపడుతున్నామన్నది కూడా చూసుకోవాలి. ఫ్రీబేస్ అనే పెద్ద గ్రాఫ్ ఉండేది. దాన్ని నడిపిన మెటావెబ్‌ను గూగుల్ 2010లో కొన్నది, 2016లో ఫ్రీబేస్ మూతపడింది. వికీపీడియాకు సోదర ప్రాజెక్టు అయిన వికీడేటా 2012 అక్టోబరులో మొదలైంది, అందులోని సమాచారాన్ని ఎవరైనా ఏ షరతూ లేకుండా వాడుకోవచ్చు, పది కోట్లకు పైగా అంశాలు ఉన్నాయి. దేశదేశాల జాతీయ గ్రంథాలయాల అథారిటీ ఫైళ్లను ఒకచోట కలిపిన వయాఫ్‌ను గ్రంథాలయాల సహకార సంస్థ ఓసీఎల్‌సీ నిర్వహిస్తోంది. ఒక రచయితకు మీరు ఇచ్చే సంఖ్యతో పాటు ఈ రెండు చోట్ల సంఖ్యలనూ రాసుకుంటే, వాటిలో ఏ ఒక్కటి మూతపడినా మీ పని నిలుస్తుంది.

జవాబు: ప్రభుత్వ నివేదికల సూచిక చేసేవాడిని

స్థలనామాల గురించి ఒక మాట చేర్చాలి, ఎందుకంటే తెలుగు రాష్ట్రాల సమాచారంలో నాలెడ్జ్ గ్రాఫ్ నిజంగా అక్కరకు వచ్చేది ఇక్కడే అని నేను నమ్ముతాను.

మన కేటలాగ్‌లలో "గుంటూరు" అని ఉంటే అది నగరమో జిల్లానో సందర్భాన్ని బట్టి ఊహించుకోవాలి. భద్రాచలం విషయంలో ఊహ కూడా పనికిరాదు. ఆ పట్టణం మద్రాసు రాష్ట్రంలో తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రంలోకి, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చింది. 1959లో ఖమ్మం జిల్లాలో కలిసింది. 2014 జూన్ 2న తెలంగాణలోకి, 2016 అక్టోబరు 11న కొత్తగా ఏర్పడిన భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకి వెళ్లింది. అప్పటిదాకా దానితో కలిసి ఖమ్మం జిల్లాలో ఉన్న చింతూరు, కూనవరం 2014లో ఆంధ్రప్రదేశ్‌కు బదిలీ అయి, తూర్పు గోదావరిలో కొన్నేళ్లు ఉండి, 2022 ఏప్రిల్‌లో అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరాయి. కాబట్టి 1985 నాటి "ఖమ్మం జిల్లా గిరిజన సంక్షేమ నివేదిక" వంటి పత్రం ఒకటి ఈనాటి రెండు రాష్ట్రాల ప్రాంతాలకు సంబంధించినది కావచ్చు, కానీ స్థలనామాన్ని విషయంగా రాసే 651 ఫీల్డ్‌లో ఉన్న "ఖమ్మం జిల్లా" అన్న రెండు మాటలు ఆ సంగతిని ఎప్పటికీ చెప్పవు. చింతూరు మీద పనిచేసే విద్యార్థి ఆ పత్రాన్ని ఎన్నటికీ చూడడు.

వికీడేటాలో ఒక ప్రదేశం ఏ పాలనా విభాగంలో ఉందో చెప్పే ధర్మం పీ131. దానికి మొదలైన తేదీ, ముగిసిన తేదీ అన్న విశేషణాలను తగిలించవచ్చు, ప్రతి వాక్యానికీ ఆధారాన్ని జతచేయవచ్చు. భద్రాచలానికి ఇటువంటి వాక్యాలు వరుసగా రాసుకుంటే, 1985లో ఖమ్మం జిల్లాలో ఉండి ఈ రోజు ఆ జిల్లాలో లేని ఊళ్లేవని అడగవచ్చు, వాటికి సంబంధించిన పాత పత్రాలను ఈనాటి జిల్లా పేరుతోనూ దొరకబుచ్చుకోవచ్చు. పాత జిల్లాకూ కొత్త జిల్లాకూ ఒకే సంఖ్య వాడితే మాత్రం ఇదంతా వృథా. 2016కు ముందున్న ఆదిలాబాద్ జిల్లా నాలుగు ముక్కలైంది, అందులో ఒక ముక్కకు పాత పేరే మిగిలింది. నా పద్ధతిలో అవి రెండు వేర్వేరు వస్తువులు. వికీడేటాలో ఇటువంటివి చాలాచోట్ల ఒకే అంశంగా ఉన్నాయి, అది నాకు నచ్చదు, కానీ మార్చాలంటే అక్కడి చర్చా పుటలో అడిగి మార్చాలి.

ఆధారం జతచేయడాన్ని తేలిగ్గా తీసుకోకండి. రెండు గ్రంథాలు ఒక రచయితకు రెండు పుట్టిన తేదీలు చెప్పినప్పుడు కార్డు మీద ఒకదాన్ని ఎంచుకోవలసి వచ్చేది. గ్రాఫ్‌లో రెంటినీ వాటి వాటి ఆధారాలతో ఉంచి, ఒకదానికి ప్రాధాన్యం ఇవ్వవచ్చు.

ప్రశ్న వేసినవారు

అందరికీ కృతజ్ఞతలు. భద్రాచలం ఉదాహరణతో మా యాజమాన్యానికి చెప్పవలసిన మాట దొరికింది, మా దగ్గర పాత జిల్లా గణాంక పుస్తకాలు చాలా ఉన్నాయి. ఇంకా రెండు సందేహాలు మిగిలాయి. ఆ సంస్థ వారు నియో4జే అనే గ్రాఫ్ డేటాబేస్ మీద కట్టిస్తామంటున్నారు, మరికొందరు ఆర్‌డీఎఫ్ మాత్రమే గ్రంథాలయాలకు తగినదంటున్నారు, ఏది సరైనది? అలాగే, ఏ ప్రశ్నకైనా కృత్రిమ మేధ జవాబు చెబుతున్న ఈ రోజుల్లో ఇంత శ్రమ ఎందుకని మా కమిటీలో ఒకరు అడిగారు. ఆయనకు నేను సరిగా జవాబు చెప్పలేకపోయాను.

జవాబు: సాంకేతిక సహాయకుడు, విశ్వవిద్యాలయ గ్రంథాలయం

మొదటి సందేహం. ఆర్‌డీఎఫ్ ట్రిపుల్స్ రాయడానికి డబ్ల్యూ3సీ చేసిన ప్రమాణం, 1999 నుంచి ఉంది. దాన్ని ప్రశ్నించే భాష స్పార్కిల్. అందులో ప్రతి వస్తువుకూ వెబ్ చిరునామా రూపంలో గుర్తింపు ఉంటుంది కాబట్టి, మీ గ్రాఫ్‌ను మరొక గ్రంథాలయం గ్రాఫ్‌తో కలపడానికి ముందుగా ఒప్పందాలేవీ అవసరం లేదు. నియో4జే వంటివి ప్రాపర్టీ గ్రాఫ్‌లు. గీతల మీదే తేదీలూ ఇతర వివరాలూ రాసుకునే సౌకర్యం వాటిలో మొదటి నుంచీ ఉంది, ప్రోగ్రామర్లకు హాయిగా ఉంటాయి, వాటికి జీక్యూఎల్ అనే ఐఎస్ఓ ప్రమాణం 2024లో వచ్చింది. మీ సంస్థ లోపల మాత్రమే వాడుకునే పనికి రెండోది చాలు. ఇతర గ్రంథాలయాలతో రికార్డులు పంచుకునేవారు ఆర్‌డీఎఫ్ వైపు ఉండటం మంచిది, ఎందుకంటే లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ మార్క్ స్థానంలో తెస్తున్న బిబ్‌ఫ్రేమ్, ఇందాక చెప్పిన స్కాస్, వికీడేటా ప్రశ్నల సేవ అన్నీ ఆ భాషలోనే మాట్లాడతాయి. స్వీడన్ జాతీయ గ్రంథాలయం 2018లోనే తన లిబ్రిస్ కేటలాగ్‌ను ఈ మార్గంలోకి తెచ్చింది. నిజం చెప్పాలంటే మీ స్థితిలో ఇప్పుడు రెండూ కొననక్కరలేదు.

రెండో సందేహం అడిగినవారిది న్యాయమైన ప్రశ్నే. భాషా నమూనాలు వాక్యాలను చక్కగా అల్లుతాయి, కానీ తెలుగు ప్రచురణల చరిత్ర వంటి సన్నని విషయాల్లో లేని ముద్రణలనూ లేని అనువాదకులనూ అదే ధీమాతో చెబుతాయి, ఎక్కడి నుంచి తెచ్చాయో చాలాసార్లు చూపలేవు. నమూనాకు జవాబు అడిగేముందు సంబంధిత వాక్యాలను గ్రాఫ్ నుంచి తీసి ఇచ్చి, వాటి ఆధారంగానే జవాబు చెప్పమనే పద్ధతి ఇప్పుడు విస్తృతంగా వాడుకలో ఉంది. అంటే గ్రాఫ్ అవసరం తగ్గలేదు, దాన్ని చదివేవారిలో యంత్రాలు కూడా చేరాయి. పుస్తకాల ముందుమాటల నుంచి ట్రిపుల్స్ తీయించడానికి కూడా ఈ నమూనాలను వాడవచ్చు, అయితే పాత తెలుగు ముద్రణలను స్కాన్ చేసి అక్షరాలుగా మార్చినప్పుడు ఒత్తులూ గుణింతాలూ చెదిరి ఒక మనిషి పేరు మరొకరి పేరైపోతుంది. సిబ్బంది కన్ను పడకుండా వాటిని గ్రాఫ్‌లోకి వదలకూడదు.

ఒక హెచ్చరిక. రిలేషనల్ డేటాబేస్‌కు (పట్టికల రూపంలో సమాచారం ఉంచే పద్ధతి) అలవాటుపడినవారు గ్రాఫ్‌లో లేనిదాన్ని లోకంలోనే లేనట్టు చదువుతారు. ఆర్‌డీఎఫ్ తర్కం అలా అనదు. చెప్పని సంగతి తెలియని సంగతి మాత్రమే. 1950కి ముందు పుట్టిన తెలుగు రచయిత్రులు ఎవరని వికీడేటాను అడిగితే వచ్చే జాబితా, అందులో లింగం, భాష, పుట్టిన తేదీ మూడూ ఎవరికి నింపారో వారి జాబితా. దాన్ని లెక్కపెట్టి పరిశోధనా వ్యాసంలో శాతాలు రాసే విద్యార్థిని ఆపవలసిన బాధ్యత గ్రంథపాలకులదే.

ఇక ముగ్గురు సిబ్బందితో మొదలుపెట్టే పని. ముందుగా మీ పాఠకులు అడిగి, మీ కేటలాగ్ జవాబు చెప్పలేకపోయిన ప్రశ్నలను రాసుకోండి. పది దొరికితే చాలు. గ్రాఫ్‌లో ఏ రకాల వస్తువులు ఉండాలో ఆ ప్రశ్నలే తేలుస్తాయి. తర్వాత కోహా నుంచి తెలుగు రచయితల పేర్లను స్ప్రెడ్‌షీట్‌గా తీసి, ఓపెన్‌రిఫైన్‌లో తెరవండి. ఉచిత సాఫ్ట్‌వేర్ అది, ప్రోగ్రామింగ్ అక్కరలేదు. ఒకే మనిషి పేరును అప్పారావు, అప్పా రావు, రోమన్ లిపిలో మూడు రకాలుగా రాసిన రికార్డులను దగ్గరికి చేర్చి చూపుతుంది, వికీడేటా అంశాలతో పోల్చి ప్రతిపాదనలు ఇస్తుంది. ఆ ప్రతిపాదనలను గుడ్డిగా ఒప్పుకోకండి. ఇంటిపేరు పొడి అక్షరంగా ఉన్నచోట, పుట్టిన సంవత్సరమో ఒక పుస్తకం పేరో సరిపోలితే తప్ప కలపవద్దు, ఎందుకంటే ఇద్దరు మనుషులను ఒకరిగా కలిపేశాక విడదీయడం, ఒకరిని ఇద్దరిగా వదిలేసి తర్వాత కలపడం కంటే చాలా కష్టం. నిర్ధారించుకున్న వికీడేటా, వయాఫ్ సంఖ్యలను అథారిటీ రికార్డులోని 024 ఫీల్డ్‌లో నమోదు చేయండి, పుస్తకాల రికార్డుల్లో పేరు పక్కన ఆ చిరునామాను ఉంచడానికి 1 అనే సబ్‌ఫీల్డ్ ఉంది. ఎల్లప్పుడూ కోహాలోనే ఉండే ఈ సమాచారాన్ని రేపు ఏ గ్రాఫ్‌కైనా ఎగుమతి చేయవచ్చు.

ప్రతిపాదనలో సంస్థ వారిని అడగవలసిన ప్రశ్నలు రెండు రాయండి. ఒప్పందం ముగిసిన రోజున మొత్తం గ్రాఫ్‌ను, గుర్తింపు సంఖ్యలతో, ఆధారాలతో సహా ఆర్‌డీఎఫ్ ఫైలుగా ఇస్తారా? వస్తువుల చిరునామాలు వారి డొమైన్‌లో ఉంటాయా, కళాశాల డొమైన్‌లోనా? రెంటిలో ఒకదానికి తృప్తికరమైన జవాబు రాకపోయినా, ఈ ఏడాదికి 024 ఫీల్డ్ పని మాత్రమే ప్రతిపాదించి, దానికి కావలసిన ఒక ఒప్పంద ఉద్యోగి జీతాన్ని అడగండి.